గడువు తీరినా తీరని బాధ్యత

సంతలో కుండ కొనేవారిని గమనించండి. కుండను ఒక చేత్తో పైకెత్తి, రెండో చేతి వేలి కణుపుతో చుట్టూ కొట్టి చూస్తారు. ఖంగుమని మోగితే బాగా కాలిన కుండ అని అర్థం. బొంగురుగా పలికితే ఎక్కడో పగులు ఉన్నట్టు. ఎద్దును కొనే రైతు దాని పళ్ళు చూస్తాడు, సుళ్ళు చూస్తాడు, నాలుగడుగులు నడిపించి చూస్తాడు. చీర కొనే ఇల్లాలు కొంగును వెలుగుకు పట్టి నేత చూస్తుంది. వస్తువు మంచిచెడ్డలు కొనేవారి కంటికీ చేతికీ తెలిసే కాలంలో "చూసి కొనుక్కో" అన్న మాట న్యాయంగానే ఉండేది.

కారు సంగతి అలా కాదు. అందులో వేలాది భాగాలు ఉంటాయి. కొనేవారు రంగు చూడగలరు, సీట్ల మీద కూర్చుని చూడగలరు, నాలుగు మైళ్ళు నడిపి చూడగలరు. ఇంజను విప్పి లోపలి ఇరుసు నునుపుగా ఉందో లేదో చూడటం వారి తరం కాదు. అందుచేత కారు కొనేవాడు వస్తువుతో పాటు నమ్మకాన్ని కూడా కొంటున్నాడు. ఆ నమ్మకానికి కంపెనీ కాగితం మీద ఇచ్చే రూపమే వారంటీ.

అయితే వారంటీకి గడువు ఉంటుంది. ఆ గడువు తీరిన కొద్ది నెలలకే ఇంజను పాడైతే నష్టం ఎవరు భరించాలి? "గడువు ముగిసింది, మాకు సంబంధం లేదు" అని కంపెనీ అంటే అక్కడితో మాట ముగిసినట్టేనా? ప్రపంచంలో అనేక దేశాల కారు యజమానులు ఈ ప్రశ్న వేశారు. దానికి దొరికిన సమాధానాలను తెలుసుకుందాం.

వారంటీ అంటే ఏమిటి?

వారంటీ ఇంగ్లీషు మాటే అయినా ఇవాళ మన వాడుకలో కలిసిపోయింది. "ఇంత కాలంలోపు ఈ వస్తువులో తయారీ లోపం బయటపడితే ఉచితంగా బాగుచేస్తాం, లేదా ఆ భాగాన్ని మార్చి ఇస్తాం" అని తయారీదారు రాసి ఇచ్చే హామీ అది. కార్ల విషయంలో ఈ హామీకి సాధారణంగా రెండు హద్దులు ఉంటాయి. ఒకటి కాలం, రెండోది దూరం. రెండింటిలో ఏది ముందు దాటితే అక్కడితో వారంటీ ముగుస్తుంది.

ఒక కారుకు 3 సంవత్సరాలు లేదా 1,00,000 కిలోమీటర్లు వారంటీ ఉందనుకుందాం. రోజుకు 100 కిలోమీటర్లు నడిపేవారికి 1,000 రోజులలో, అంటే మూడేళ్ళు నిండకముందే, దూరపు హద్దు వచ్చేస్తుంది. ఆదివారాలలో మాత్రమే కారు తీసేవారికి మీటరు పదివేలు దాటకపోయినా మూడేళ్ళు నిండగానే వారంటీ పోతుంది.

వాడకం వల్ల సహజంగా అరిగే టైర్లు, బ్రేకు దిమ్మల వంటివి మామూలుగా వారంటీలోకి రావు. యజమాని నిర్లక్ష్యం వల్ల కలిగిన చెడు కూడా రాదు. ఇందులో అన్యాయం ఏమీ లేదు. యంత్రం అన్నాక అరుగుతుంది. ఎన్నేళ్ళు వాడినా, ఎలా వాడినా కంపెనీయే బాగుచేసి ఇవ్వాలంటే ఏ కంపెనీ నిలవదు. కాబట్టి హామీకి గడువు పెట్టడం తప్పు కాదు.

చిక్కు మరొక చోట ఉంది. యంత్రం చెడిపోవడానికి రెండు రకాల కారణాలు ఉంటాయి. ఒకటి అరుగుదల. అది రోడ్డు మీద పుడుతుంది. రెండోది పుట్టులోపం. అది కర్మాగారంలోనే పుడుతుంది. కొన్ని పుట్టులోపాలు మొదటి వారంలోనే బయటపడతాయి. కొన్ని లోపలే దాగి ఉండి, అయిదారేళ్ళ తరువాత గాని కనిపించవు. వారంటీ గడియారం రోజులను లెక్కపెట్టగలదు గాని, అరుగుదలను, పుట్టులోపాన్ని వేరుచేసి చూడలేదు. ఆ పని మనుషులు చేయాలి, అవసరమైతే న్యాయస్థానాలు చేయాలి.

పాత సూత్రం, కొత్త న్యాయం

"కొనేవాడే జాగ్రత్త పడాలి" అన్నది చాలాకాలం పాటు పాశ్చాత్య న్యాయంలో ప్రధాన సూత్రంగా ఉండేది. దానికి తోడు మరొక అడ్డంకి ఉండేది. కారు తయారుచేసేది కంపెనీ, అమ్మేది డీలరు. కొన్నవాడికి ఒప్పందం డీలరుతోనే గాని కంపెనీతో కాదు. కనుక కంపెనీ మీద దావా వేసే హక్కు అతనికి లేదని వాదించేవారు.

ఈ అడ్డుగోడను కూల్చిన తీర్పు అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం 1916లో ఇచ్చింది. దానిని మెక్‌ఫెర్సన్ కేసు అంటారు. ఆ రోజులలో కార్ల చక్రాలకు మన ఎడ్లబండి చక్రాలకు లాగానే చెక్క ఆకులు ఉండేవి. బ్యూయిక్ కంపెనీ కారు ఒకటి నడుస్తుండగా చక్రపు ఆకులు విరిగిపోయి, కారు నడుపుతున్న యజమాని గాయపడ్డాడు. ఆ చక్రాన్ని తాము చేయలేదనీ, వేరే కంపెనీ దగ్గర కొని బిగించామనీ, కారును కూడా డీలరుకే అమ్మామనీ కంపెనీ వాదించింది. న్యాయమూర్తి బెంజమిన్ కార్డోజో ఆ వాదనను అంగీకరించలేదు. లోపంతో తయారైతే ప్రాణాపాయం కలిగించే వస్తువును చేసేవాడు, దానిని చివరకు వాడేది డీలరు కాదని తెలిసినప్పుడు, ఒప్పందం ఉన్నా లేకపోయినా వాడేవారి పట్ల జాగ్రత్త వహించి తీరాలని ఆయన నిర్ణయించారు. చక్రాన్ని సరిగా పరీక్షించి ఉంటే లోపం తెలిసేదే గనుక తప్పు కంపెనీదే అయింది.

రెండవ అడుగు 1960లో న్యూజెర్సీ రాష్ట్రంలో పడింది. ఒక భర్త తన భార్యకు కానుకగా కొత్త కారు కొన్నాడు. 468 మైళ్ళు తిరిగేసరికి స్టీరింగు చెడి, కారు గోడను గుద్దుకుంది. ఆమె గాయపడింది. కంపెనీ తన అమ్మకపు పత్రాన్ని చూపించింది. 90 రోజులు లేదా 4,000 మైళ్ళ లోపల చెడిన భాగాన్ని మార్చి ఇవ్వడం తప్ప తమకు మరే బాధ్యతా లేదని అందులో చిన్న అక్షరాలలో రాసి ఉంది. అప్పటి అమెరికా కార్ల కంపెనీలు అన్నీ దాదాపు ఇదే పత్రాన్ని వాడేవి. కొనేవాడికి వేరే దారి లేని చోట, బేరమాడే శక్తి లేని చోట, సంతకం తీసుకున్నంత మాత్రాన ఇటువంటి షరతు చెల్లదని రాష్ట్ర సుప్రీం కోర్టు తీర్పు చెప్పింది. కాగితం మీది వారంటీ ఒక్కటే కాక, "ఈ వస్తువు తన పనికి తగినట్టు ఉంటుంది" అన్న చెప్పకనే చెప్పిన హామీ కూడా ప్రతి అమ్మకంలో ఉంటుందని ఈ తీర్పు గుర్తు చేసింది.

ఈ రెండు కేసులలోనూ ప్రమాదం వెంటనే జరిగింది. లోపం ఏళ్ళ తరబడి దాగి ఉంటే ఏమవుతుంది? దానికి ఇటీవలి ఉదాహరణ ఒకటి ఉంది. అది అర్థం కావాలంటే ముందు ఇంజను లోపలికి ఒకసారి తొంగిచూడాలి.

ఇంజను లోపల

కాలితో తొక్కే కుట్టుమిషనును మీరు చూసే ఉంటారు. పాదం పైకీ కిందికీ ఆడుతుంది. దానికి తగిలించిన కడ్డీ పక్కనున్న పెద్ద చక్రాన్ని గుండ్రంగా తిప్పుతుంది. కారు ఇంజనులో జరిగేది కూడా ఇంచుమించు ఇదే. సిలిండరులో పెట్రోలు మండిన ఒత్తిడికి పిస్టన్ కిందికి దిగుతుంది. పిస్టన్‌కు తగిలించిన కడ్డీ పేరు కనెక్టింగ్ రాడ్. అది క్రాంక్ షాఫ్ట్ అనే వంకర ఇరుసును తిప్పుతుంది. ఆ తిరుగుడే చివరకు చక్రాలకు చేరుతుంది.

కడ్డీ, ఇరుసు కలిసే చోట బేరింగు ఉంటుంది. నిమిషానికి 2,400 చుట్లు తిరిగే ఇంజనులో ఆ ఇరుసు ఒక్క సెకనులో 40 చుట్లు తిరుగుతుంది. అంత వేగంలో లోహం లోహాన్ని ఒరుసుకుంటే క్షణాలలో కాలిపోవలసిందే. అలా జరగకుండా రెండింటి మధ్య పల్చని ఆయిలు పొర నిలబడి కాపాడుతుంది. బండి ఇరుసుకు కందెన ఎంత ముఖ్యమో ఇంజనుకు ఈ ఆయిలు అంత ముఖ్యం.

ఈ ఆయిలు బేరింగుల వరకు వెళ్ళడానికి క్రాంక్ షాఫ్ట్ లోపల సన్నని దారులు తొలుస్తారు. తొలిచేటప్పుడు లోహపు రజను రాలుతుంది. కర్మాగారంలో ఆ రజనును పూర్తిగా శుభ్రం చేయాలి. ఏ కొంచెం మిగిలినా అది ఆయిలుతో పాటు కొట్టుకుపోయి సన్నని దారిలో అడ్డుపడవచ్చు. అప్పుడు బేరింగుకు ఆయిలు సరిగా అందదు. మొదట ఇంజనులో టకటకమని చప్పుడు మొదలవుతుంది. బేరింగు అరిగి, ఆ అరిగిన లోహం మళ్ళీ ఆయిలులో కలుస్తుంది. చివరికి ఇంజను పట్టేస్తుంది. మెకానిక్కులు దీనినే "ఇంజను సీజైంది" అంటారు. కొన్నిసార్లు కడ్డీ విరిగి ఇంజను గోడను చీల్చుకుని బయటికి వస్తుంది. వేడి ఆయిలు బయటికి చిమ్మితే మంటలు లేచే ప్రమాదం కూడా ఉంది.

ఇదంతా ఒక్క రోజులో జరగదు. కర్మాగారంలో మిగిలిపోయిన చిటికెడు రజను తన పని పూర్తి చేసుకునేసరికి యాభైవేల కిలోమీటర్లు కావచ్చు, లక్ష దాటవచ్చు. అప్పటికి వారంటీ గడువు తీరిపోయి ఉండవచ్చు.

అమెరికా యజమానుల పోరాటం

దక్షిణ కొరియాకు చెందిన హ్యుందాయ్, కియా కంపెనీలు మన పాఠకులకు కొత్తవి కావు. తమిళనాడులో చెన్నై సమీపాన ఉన్న ఇరుంగాట్టుకోట్టైలో హ్యుందాయ్ కర్మాగారం 1998లో కార్ల తయారీ మొదలుపెట్టింది. ఆంధ్రప్రదేశ్‌లోని పెనుకొండ వద్ద కియా కర్మాగారం నుంచి 2019లో కార్లు రావడం మొదలైంది. అయితే ఇక్కడ చెప్పుకునేది అమెరికా రోడ్ల మీద జరిగిన సంగతి.

ఈ కంపెనీలు 2011 నుంచి అమెరికాలో అమ్మిన సొనాటా, ఆప్టిమా వంటి కార్లలో థీటా 2 అనే ఇంజనును అమర్చారు. కొన్నేళ్ళకు వాటి యజమానుల నుంచి ఒకే రకం ఫిర్యాదులు రాసాగాయి. ఇంజనులో చప్పుడు వస్తున్నది. పెద్ద రహదారి మీద వేగంగా పోతుండగా ఇంజను హఠాత్తుగా ఆగిపోతున్నది. వెనుక లారీలు తరుముకొస్తుండగా కారు నడిరోడ్డు మీద ఆగితే లోపల ఉన్నవారి పరిస్థితి ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

అక్కడ ఈ కంపెనీల వారంటీ మొదటి యజమానికి 10 సంవత్సరాలు లేదా 1,00,000 మైళ్ళు. కాని అదే కారును పాతబండిగా కొన్న రెండవ యజమానికి 5 సంవత్సరాలు లేదా 60,000 మైళ్ళు మాత్రమే. కొత్త కారు కొనే స్తోమత లేనివారే పాతది కొంటారు. గడువు తీరిన తరువాత ఇంజను పోతే వేల డాలర్ల ఖర్చు వారి నెత్తిన పడింది. గడువు తీరనివారికి కూడా ఆయిలు సకాలంలో మార్చినట్టు రశీదులు లేవన్న కారణంతో మరమ్మతు నిరాకరించారని దావాలలో ఆరోపణలు వచ్చాయి.

ఒక్కొక్కరుగా వెళ్ళినంతకాలం ప్రతివారి ఇంజనూ ఒంటరి సంఘటనగానే కనిపించింది. యజమానులు రెండు పనులు చేశారు. మొదటిది, వాహన భద్రతను పర్యవేక్షించే జాతీయ ప్రభుత్వ సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేశారు. ఒకే మోడల్, ఒకే ఇంజను, ఒకే లక్షణం ఉన్న ఫిర్యాదులు ఒకచోట పోగుపడితే అది యాదృచ్ఛికం కాదని ఎవరికైనా తెలుస్తుంది. రెండవది, సామూహిక దావా వేశారు. ఒకే నష్టం పొందిన వేలమంది తరఫున కొందరు కోర్టుకు వెళ్ళడమే సామూహిక దావా.

2015 సెప్టెంబరులో హ్యుందాయ్ 2011, 2012 మోడళ్ళకు చెందిన సుమారు 4,70,000 సొనాటా కార్లను పరీక్షకు వెనక్కి పిలిచింది. దీనినే రీకాల్ అంటారు. క్రాంక్ షాఫ్ట్ ఆయిలు దారులలో లోహపు రజను మిగిలి ఉండవచ్చునన్నదే చెప్పిన కారణం. 2017 మార్చిలో రెండు కంపెనీలూ కలిపి అమెరికాలో మరో 12 లక్షల కార్లను వెనక్కి పిలిచాయి. అదే ఏడాది కొరియాలో కూడా సుమారు 1,71,000 కార్లు రీకాల్ అయ్యాయి.

లోపలి నుంచి వచ్చిన సాక్షి

యజమానులకు ఒక పెద్ద లోటు ఉంటుంది. ఇంజను చెడిందని వారు చూపగలరు. లోపం కర్మాగారంలోనే పుట్టిందనీ, కంపెనీకి ముందే తెలుసనీ చూపడానికి వారి దగ్గర కాగితాలు ఉండవు. అవన్నీ కంపెనీ బీరువాలలోనే ఉంటాయి.

ఈ వ్యవహారంలో ఆ లోటు తీర్చినవాడు కిమ్ గ్వాంగ్ హో అనే ఇంజనీరు. ఆయన హ్యుందాయ్‌లో పాతికేళ్ళకు పైగా పనిచేసినవాడు. ఇంజను లోపాల విషయంలో కంపెనీ చేయవలసినంత చేయడం లేదని ఆయనకు అనిపించింది. 2016లో అమెరికా వెళ్ళి భద్రతా సంస్థకు తన దగ్గరున్న సమాచారం అందజేశాడు. అదే ఏడాది ఆయన ఉద్యోగం పోయింది. చాలాకాలం పనిచేసిన సంస్థకు ఎదురు నిలవడం తేలిక కాదు. అయినా రోడ్డు మీద ఉన్న అపరిచితుల ప్రాణాలు ఆయనకు ముఖ్యమయ్యాయి.

2017లో భద్రతా సంస్థ ఈ రీకాల్‌ల మీద విచారణ ప్రారంభించింది. 16 లక్షలకు పైగా కార్లను సకాలంలో వెనక్కి పిలవలేదనీ, కొంత సమాచారాన్ని సరిగా తెలపలేదనీ నిర్ధారణకు వచ్చింది. 2020 నవంబరులో కుదిరిన ఉత్తర్వుల ప్రకారం హ్యుందాయ్ మీద 14 కోట్ల డాలర్లు, కియా మీద 7 కోట్ల డాలర్లు జరిమానా పడింది. అందులో కొంత వెంటనే చెల్లించాలి, కొంత భద్రతా ఏర్పాట్ల మీద ఖర్చు చేయాలి. షరతులు తప్పితే మిగిలినది కూడా కట్టాలి. 2021 నవంబరులో కిమ్‌కు అమెరికా ప్రభుత్వం 2 కోట్ల 40 లక్షల డాలర్లకు పైగా బహుమానం ప్రకటించింది. వాహన భద్రత గురించి సమాచారం ఇచ్చిన ఉద్యోగికి అక్కడ ఇచ్చిన మొదటి బహుమానం అదే.

యజమానులకు ఏమి దక్కింది?

సామూహిక దావాల ఫలితం రెండు మెట్లుగా వచ్చింది. మొదటి ఒప్పందంలో 2011 నుంచి 2014 వరకు ఉన్న సొనాటా కార్ల ఇంజనుకు వారంటీని 10 సంవత్సరాలు లేదా 1,20,000 మైళ్ళకు పొడిగించారు. ఇతర మోడళ్ళలో కూడా అదే లోపం కనిపించడంతో కొత్త దావాలు వచ్చాయి. 2019లో ప్రకటించి, 2021లో కోర్టు ఆమోదం పొందిన రెండవ ఒప్పందం సుమారు 40 లక్షల కార్లకు వర్తించింది. కనెక్టింగ్ రాడ్ బేరింగు లోపం వల్ల ఇంజను పాడైతే జీవితకాల వారంటీ ఇవ్వడానికి కంపెనీలు ఒప్పుకున్నాయి. పాతబండి కొన్న తరువాతి యజమానికి కూడా ఇది వర్తించడం విశేషం. అంతకు ముందే సొంత డబ్బుతో మరమ్మతు చేయించుకున్నవారికి ఆ ఖర్చు తిరిగి ఇవ్వడానికి, మరమ్మతు బాగా ఆలస్యమైనవారికి కొంత పరిహారం చెల్లించడానికి ఏర్పాటు జరిగింది.

దీనితో పాటు ఒక కొత్త పరికల్పన కూడా వచ్చింది. ఇంజనులోని అసహజమైన అదురును ముందే పసిగట్టే సాఫ్ట్‌వేరును కార్లలో ఎక్కించారు. బేరింగు చెడడం మొదలుకాగానే అది హెచ్చరిక దీపం వెలిగించి, వేగాన్ని తగ్గిస్తుంది. కారు నడిరోడ్డు మీద ఆగిపోకముందే పక్కకు తీసుకోవడానికి వీలు చిక్కుతుంది. జీవితకాల వారంటీ కావాలంటే ఈ సాఫ్ట్‌వేరు వేయించుకోవాలన్నది షరతు. ఆయిలు మార్చకుండా కారును పూర్తిగా గాలికి వదిలేసినవారికి ఆ వారంటీ వర్తించదన్నది మరొక షరతు.

ఇది సంపూర్ణ విజయం అనలేం. కొన్ని కుటుంబాలు అప్పటికే చెడిన కారును అయినకాడికి అమ్ముకున్నాయి. తప్పు అంగీకరించకుండానే కంపెనీలు ఒప్పందం చేసుకున్నాయి. అయినా ఒక సంగతి తేలింది. కాగితం మీది గడువు తీరినా, కర్మాగారంలో పుట్టిన లోపానికి జవాబు చెప్పవలసిన బాధ్యత తీరిపోదు.

మన దేశంలో చట్టం

మన దేశంలో వినియోగదారుల రక్షణ చట్టం మొదట 1986లో వచ్చింది. దాని స్థానంలో వచ్చిన 2019 చట్టం 2020 జూలై 20 నుంచి అమలులో ఉంది. వస్తువు నాణ్యతలో, ప్రమాణంలో ఉండవలసినదానికి ఏ కొరత ఉన్నా ఈ చట్టం దానిని లోపంగా పరిగణిస్తుంది. ఆ ప్రమాణం ఒప్పందంలో స్పష్టంగా రాసి ఉండవచ్చు, లేదా రాయకపోయినా ఉన్నట్టే భావించవచ్చు.

ఫిర్యాదు చేయడానికి కారణం ఏర్పడిన నాటి నుంచి 2 సంవత్సరాల లోపు వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళాలి. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని కమిషన్ మన్నించవచ్చు. 2021 చివరి నుంచి అమలులో ఉన్న నిబంధనల ప్రకారం, వస్తువుకు చెల్లించిన ధర 50 లక్షల రూపాయలు మించకపోతే ఫిర్యాదు జిల్లా కమిషన్‌లో వేయవచ్చు. న్యాయవాది తప్పనిసరి కాదు. 2019 చట్టం ఇచ్చిన ఒక మంచి వెసులుబాటు, వస్తువు ఎక్కడ కొన్నా తాము నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. చెన్నైలో కారు కొని హోసూరులో కాపురం ఉన్నవారు చెన్నై దాకా తిరగనక్కరలేదు. ఒకే నష్టం పొందిన పలువురి తరఫున కమిషన్ అనుమతితో కొందరు ఫిర్యాదు చేయడానికి మన చట్టంలోనూ వీలుంది. సలహా కోసం 1915 నంబరుకు ఫోను చేయవచ్చు.

వ్యాపారం కోసం కొన్న వస్తువుకు ఈ చట్టం వర్తించదు. కాని తన పొట్టపోసుకోవడానికి టాక్సీ కొని తానే నడుపుకునేవాడు వినియోగదారుడే. బండి ఆగితే ఇంట్లో పొయ్యి వెలగని మనిషికి ఈ రక్షణ ఎంత అవసరమో చెప్పనక్కరలేదు.

2019 చట్టం "ఉత్పత్తి బాధ్యత" అనే భావనను కూడా తెచ్చింది. లోపమున్న వస్తువు వల్ల మనిషికి గాయమైనా, ప్రాణం పోయినా, ఇతర ఆస్తి పాడైనా తయారీదారు పరిహారం చెల్లించాలి. అయితే ఆ వస్తువుకే కలిగిన నష్టం దీని కిందికి రాదు. ఇంజను మాత్రమే చెడిపోతే వస్తువులో లోపం ఉన్నదన్న మామూలు ఫిర్యాదు చేయాలి.

లోపం ఉందని నిరూపించవలసిన భారం సాధారణంగా ఫిర్యాదుదారు మీద ఉంటుంది. అందుకే నిపుణుడి నివేదిక ముఖ్యం. అవసరమైతే కమిషన్ వస్తువును ప్రయోగశాలకు పంపి పరీక్ష చేయిస్తుంది. 2006లో సుప్రీం కోర్టు ఒక కారు కేసులో, చెడిన భాగాన్ని మార్చితే సరిపోయే చోట మొత్తం కారును మార్చి ఇమ్మనడం తగదని చెప్పింది. న్యాయం రెండు వైపులా ఉండాలన్నదే ఇందులోని భావం.

ప్రజల భద్రతకు ముప్పు తెచ్చే లోపం ఉన్న వాహనాలను వెనక్కి పిలిపించే అధికారం 2019 మోటారు వాహనాల సవరణ చట్టం కేంద్ర ప్రభుత్వానికి ఇచ్చింది. 2021 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన నిబంధనలు ఏడేళ్ళ లోపు వయసున్న వాహనాలకు వర్తిస్తాయి. అంటే మూడేళ్ళ వారంటీ ముగిసిన కారు కూడా ఈ గొడుగు కింద ఉంటుందన్న మాట.

యజమాని చేయవలసినది

హక్కు అడిగేవాడు తన ధర్మం కూడా నెరవేర్చి ఉండాలి. ఇంజను ఆయిలు చెప్పిన కాలానికి మార్చాలి. ప్రతి సర్వీసు రశీదును తారీఖుతో సహా భద్రపరచాలి. చప్పుడు మొదలైన రోజే వర్క్‌షాపులో చూపించి, ఆ ఫిర్యాదును జాబుకార్డు మీద రాయించాలి. నోటిమాటగా చెప్పి వస్తే తరువాత ఎవరూ ఒప్పుకోరు. వారంటీ ఉండగా రాయించిన ఒక్క వాక్యం, వారంటీ పోయాక పెద్ద సాక్ష్యం అవుతుంది. ఇంజను చెడితే పాత భాగాలను పారవేయకుండా దాచాలి. లోపం ఎక్కడ పుట్టిందో చెప్పగలిగేవి అవే. కంపెనీకి రాసే ఉత్తరంలో కోపం కన్న వివరం ఎక్కువగా ఉండాలి. అదే మోడల్ కారు ఉన్నవారిని కలిసి, వారి అనుభవం కూడా అడగాలి.

పాతబండి కొనేవారు కారుతో పాటు దాని రశీదుల కట్టను కూడా అడిగి తీసుకోవాలి. చదువు రాని టాక్సీ డ్రైవరు ఇంట్లో ఈ కాగితాలు చదివి, జాగ్రత్తపరిచి, అవసరమైతే ఫిర్యాదు రాసిపెట్టగలిగేది చదువుకుంటున్న పిల్లలే.

సంతలో కుండ కొనేవారికి ఒక వేలు చాలు. పగిలిన కుండను కుమ్మరి తానే పక్కన పెట్టేస్తాడు. ఎందుకంటే రేపు అదే సంతలో అదే మనుషుల ముఖం చూడాలి. కారు తయారుచేసేవారికీ కొనేవారికీ మధ్య వేల మైళ్ళ దూరం ఉంది. ఒకరి ముఖం ఒకరు చూసే అవకాశం లేదు. ఆ దూరాన్ని దాటి కుమ్మరి ధర్మాన్ని కర్మాగారానికి గుర్తుచేయడానికే చట్టం ఉంది, సాక్ష్యం ఉంది, పదిమంది కలిసి అడిగే గొంతు ఉంది.

ప్రశ్నలు

1. అరుగుదలకూ పుట్టులోపానికీ ఉన్న తేడాను మీ ఇంట్లోని ఏదైనా వస్తువును ఉదాహరణగా తీసుకుని వివరించండి.

2. వారంటీకి గడువు పెట్టడం తప్పు కాదని పాఠంలో చెప్పడానికి కారణం ఏమిటి?

3. కుట్టుమిషనుకూ కారు ఇంజనుకూ గల పోలికను మీ సొంత మాటలలో రాయండి.

4. కిమ్ గ్వాంగ్ హో చేసిన పని సరైనదేనా? తరగతిలో చర్చించండి.

5. గడువు తీరిన రెండు నెలలకు ఇంజను పాడైన ఒక టాక్సీ డ్రైవరు తరఫున కంపెనీకి ఉత్తరం రాయండి. ఏ కాగితాలు జతపరచాలో పేర్కొనండి.